దండెం మీద మొలిచిన బదనిక

గొడవ బట్టల దండెం దగ్గర మొదలైంది. మా అక్క ఉతికి ఆరేసిన చీరల మీద రోజూ ఏదో జిగురు అంటుకుంటోంది. వేలితో తీస్తే దారంలా సాగుతుంది, సబ్బు పెట్టి రుద్దినా ఒక పట్టాన వదలదు. ఆ దండెం కట్టింది నేను. పెరట్లో మామిడిచెట్టు బోదె నుంచి స్నానాల గది గోడ దాకా ఇనుప తీగ లాగి కట్టాను. కాబట్టి తప్పు నాదేనని అక్క తేల్చేసింది.

“ఇన్నేండ్లు బస్సులు యాడ ఆపాల్నో చెప్పినోనివి, బట్టలు యాడ ఆరెయ్యాల్నో తెల్వకపాయె నీకు,” అంది.

నేను బస్టాండులో కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఏ బస్సు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది అని రాయడమే నా ఉద్యోగం. అది అయిపోయినా చెయ్యి ఊరుకోదు. రోజూ డైరీలో నాలుగు ముక్కలు రాస్తాను. వాన పడిందా, గోదావరి పెరిగిందా తగ్గిందా, ఏ చెట్టు పూతకు వచ్చింది, ఇంటికి ఎవరొచ్చారు, అంతే. బావ పోయాక అక్క ఒక్కతే ఉంటోందని నేనూ మా ఆవిడా ఖమ్మంలో కిరాయి ఇల్లు ఖాళీ చేసి ఆమె పక్క పోర్షన్‌లోకి వచ్చాం. సారపాక దాటి అడవి వైపు పోయే రోడ్డు మీద ఉంటుంది ఆ ఇల్లు. ముందు రోడ్డు, వెనక జామాయిల్ తోటలు, ఆ తోటలు దాటితే అడవి.

జిగురు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టాలని పొద్దున్నే టీ గ్లాసు పట్టుకుని పెరట్లో కుర్చీ వేసుకున్నాను. ముందు చీమల మీద అనుమానం, తర్వాత చెట్టు బంక మీద. రెండూ కాదు. నా బొటనవేలంత పిట్ట ఒకటి, మట్టి రంగుది, చిక్ చిక్ అంటూ జామాయిల్ తోటల మీది నుంచి వచ్చి మామిడిచెట్టు పై కొమ్మల్లో దూరింది. అక్కడ ఎర్రటి పండ్లు రెండు మూడు మింగింది. తర్వాత దండెం మీదికి దిగి, కుదురుగా కూర్చోకుండా అడ్డంగా తిరిగి, వెనక భాగం తీగకు రాసుకుని ఎగిరిపోయింది. దగ్గరికి వెళ్లి చూస్తే తీగకు పచ్చటి గింజ ఒకటి బంకతో అతుక్కుని ఉంది. దాని నుంచి సన్నటి దారం మా అక్క నీలం చీర దాకా వేలాడుతోంది.

అక్కను పిలిచి చూపించాను. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసి, “ముడ్డి కడుక్కోను నా చీరలే దొరికినయా దీనికి,” అంది. అయితే ఆ మాటలో కోపం లేదు. పిట్ట మింగినవి బదనిక పండ్లని ఆమెకు వెంటనే తెలిసింది.

బదనిక అంటే చెట్టు మీద చెట్టు. దాని వేరు నేలలో ఉండదు, కొమ్మలో ఉంటుంది. ఆకులు పచ్చగా, దళసరిగా ఉంటాయి కాబట్టి ఎండతో తన తిండి తాను వండుకోగలదు. కానీ నీళ్లు, నేలలోని ఉప్పులు మాత్రం కొమ్మ లోపల నుంచే లాక్కుంటుంది. అది పట్టిన చోట కొమ్మ బుర్రలా ఉబ్బుతుంది. ఉబ్బిన చోటి నుంచి చివర దాకా ఏళ్ల తరబడి సన్నబడుతూ పోయి చివరికి ఎండిపోతుంది.

మా అక్కకు మాత్రం బదనిక అంటే అది కాదు. మా వైపు బదనిక దొరకడం అదృష్టం అనుకుంటారు. మంచి నక్షత్రం చూసుకుని ఒక ముక్క తెచ్చి దేవుడి దగ్గరో, గల్లాపెట్టెలోనో పెట్టుకుంటారు. భద్రాచలం నుంచి దుకాణాల వాళ్లు స్కూటర్ల మీద వచ్చి మరీ అక్కను అడిగి ఒక రెబ్బ తీసుకుపోయేవారు. ఆమె కాళ్లు కడుక్కుని వచ్చి, పసుపు బొట్టు పెట్టి ఇచ్చేది. ఆ మామిడిచెట్టు బావ నాటింది. సారపాక కాగితం మిల్లుకు వెదురు లారీ తోలేవాడు బావ. ఒకసారి నేలకొండపల్లి వైపు పోయినప్పుడు క్యాబిన్‌లో కాళ్ల దగ్గర పెట్టుకుని ఈ మొక్క తెచ్చాడట. పచ్చడికి ఇంతకంటే మంచి కాయ లేదని ఆయన పట్టు.

తర్వాత ఆయనకు జబ్బు చేసింది. ఖమ్మం దవాఖానాలో ఇంక కొన్ని వారాలే అని ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ చలికాలమే మామిడిచెట్టు మీద మొదటి బదనిక కుదురు పూసింది, నారింజ రంగు గొట్టాల్లాంటి పూలు. బావ చెట్టు కింద మంచం వేయించుకుని పడుకునేవాడు. వారాలు అన్నవాళ్ల మాట తప్పింది. ఆయన ఇంకా కొన్నేళ్లు బతికాడు, ఆ మంచం మీంచే మళ్లీ మనిషై లేచాడు, లారీ తోలకపోయినా బజారుకు నడిచి పోయేవాడు. “మనింటికి కలిసొచ్చిందే,” అని ఆ కుదురు వైపు చూపిస్తూ అక్కతో అనేవాడు. ఆయన పోయే నాటికి చెట్టు మీద కుదుళ్లు చాలా అయ్యాయి. అడిగినవాళ్లకు రెబ్బ ఇవ్వడమే తప్ప ఒక్క కుదురు కూడా అక్క కొట్టనివ్వలేదు.

ఈ జిగురు గొడవ నడిచిన ఏడే, చైత్రంలో కాయల సాయిబు వచ్చాడు. మామిడి తోటలు చెట్ల మీద ఉండగానే కొనే కుటుంబం వాళ్లది. వాళ్ల నాన్న కాలం నుంచి ఈ ఒక్క చెట్టు కాయలు కూడా వాళ్లే తీసుకుపోతారు, అక్క పచ్చడికి ఉంచుకోగా మిగిలినవి. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగాడు. రోడ్డు వైపు కొమ్మలకు నాలుగు కాయలున్నాయి. పెరటి వైపు ఒక్క పిందె లేదు. ఆకు కూడా మామిడిది తక్కువ, బదనికది ఎక్కువ. సాయిబు టోపీ తీసి తల తుడుచుకున్నాడు.

“ఆపా, తప్పుగా అనుకోకు. సగం చెట్టు ఇగ నీది కాదు, దానిది. ఇంకో రెండేండ్లు గిట్లనే ఉంటే నేను రావాల్సిన పని కూడ ఉండదు.”

అక్క లోపలికి వెళ్లింది. ఆయనకు మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన పోయాక బోదె మీద చెయ్యి వేసి నిలబడింది. బావ తెచ్చిన చెట్టు పోతోందని ఆమెకు తెలుసు. దాన్ని బతికించాలంటే బావకు కలిసొచ్చిన దాన్ని కొట్టెయ్యాలి. రెండూ ఆయనవే. మర్నాడు నేను కొట్టించుదామా అని మెల్లగా కదిపాను. “నీకేం పోయింది తమ్ముడూ, కొట్టియ్యమంటవు,” అని లోపలికి వెళ్లిపోయింది. రోజూ అక్క ఇచ్చే టీ ఆ రోజు మా ఆవిడే పెట్టింది.

నేను తర్కం మీద నమ్మకం ఉన్నవాణ్ని. ఆమెకు ఏదో ఒకటి చూపించి ఒప్పించాలనుకున్నాను. అందుకని పిట్టను గమనించడం మొదలుపెట్టాను. ఎటు నుంచి వస్తోంది, ఎక్కడ తింటోంది, ఎటు పోతోంది అని. అక్క గడపలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తూ, “బస్సులైపోయినయ్, ఇగ పిట్టలకు టైమింగ్సు రాస్తున్నడు,” అని మా ఆవిడతో నవ్వింది. ఆ నవ్వు విన్నాక మళ్లీ మా మధ్య మాటలు నడిచాయి.

నేను చూసింది ఇది. పిట్ట అడవి నుంచి వస్తుంది. మధ్యలో జామాయిల్ తోటలు వరసలు వరసలుగా ఉన్నాయి. అక్కడ అది ఆగదు. వాటి మీద దానికి తిండి లేదు. తోటలు దాటగానే పొడుగ్గా, గుబురుగా కనిపించే మొదటి చెట్టు మాది. ఒకప్పుడు రోడ్డు పక్కన చింతచెట్లు, కానుగచెట్లు ఉండేవి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయాయి. కాబట్టి వచ్చిన ప్రతి పిట్టా మా చెట్టు మీదే వాలుతుంది, ఇక్కడే తింటుంది, ఇక్కడే గింజ అంటిస్తుంది.

ఒకరోజు మాకు ఏటా కాయలు కోసిపెట్టే కోయ మనిషితో కలిసి అడవిలోకి వెళ్లాను. ఆయన తునికి పండ్లకు పోతుంటే నేను వెంటపడ్డాను. దారి పొడుగునా పైకి చూస్తూ నడిచాను. అక్కడా బదనిక ఉంది. మద్దిచెట్టు మీద ఒక కుదురు, ఇప్పచెట్టు మీద ఒకటి, చాలా దూరం పోతే ఇంకోటి. ఏ చెట్టూ దాని బరువుకు వంగిపోయి లేదు. చెట్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి పిట్ట తెచ్చిన గింజలు అన్నిటికీ పంచుకుపోతున్నాయి. కుదురు ఉన్న కొమ్మ ఎండి విరిగితే బదనిక కూడా దానితో పడిపోతుంది, పక్కన ఇంకో చెట్టు మీద ఇంకోటి లేస్తుంది. అందరికీ కొంచెం కొంచెం. మా పెరట్లో ఆ పంపకం లేదు. అడవి మోయాల్సింది ఒక్క చెట్టు మోస్తోంది.

ఇది అక్కకు చెప్పాను. ఆమె వింది. విని, “అయితే పాపం పిట్టది కాదు, చెట్టుది కాదు, బదనికది కాదు. మరి దాన్ని ఎందుకు కొట్టాలె?” అంది. పైగా ఆమె చెట్టు కింద కూర్చుని నేను చూడనివి కూడా చూసింది. బదనిక పూలకు నల్లటి తేనెపిట్టలు వస్తాయని, రెక్కల అడుగున పసుపు, ఎరుపు ఉన్న సీతాకోకచిలుకలు దాని ఆకుల మీదే గుడ్లు పెడతాయని, ఆ గుడ్ల నుంచి వచ్చే పురుగులు మామిడాకు ముట్టవని ఆమే నాకు చెప్పింది. అన్నీ వెళ్లి చూసుకున్నాను. నిజమే.

ఆ తర్వాత దండెం మీద ఒక వింత జరిగింది. జిగురుతో బట్టలు పాడవుతున్నాయని అక్క ఆ తీగ మీద ఆరెయ్యడం మానేసింది. ఖాళీగా ఉన్న తీగ మీద గింజలు అలాగే ఉండిపోయాయి. ఒకరోజు పొద్దున చూస్తే వాటిలో కొన్ని మొలిచాయి. ఇనుప తీగ మీద, మట్టి లేదు, నీళ్లు లేవు, పచ్చటి మొలక గింజలో నుంచి వంగి తీగను ముద్దు పెట్టుకుంటున్నట్టు ఆని ఉంది. దాని కొస చిన్న గిన్నెలా చదునై తీగను పట్టుకుంది. నా జన్మలో అలాంటిది చూడలేదు.

అక్క సంతోషం చెప్పలేను. ఆమెకు వెంటనే ఒక ఆలోచన వచ్చింది. నాకు చెప్పలేదు, మా ఆవిడకు చెప్పింది. బదనిక తీగ మీద బతికితే చెట్టు మీద నుంచి తీసెయ్యొచ్చు కదా. కలిసొచ్చేది ఇంట్లోనే ఉంటుంది, చెట్టూ ఉంటుంది. పిట్టకు తిండి కూడా ఉంటుంది. అప్పటి నుంచి ఆమె పొద్దున ఒకసారి, ఎండ దిగాక ఒకసారి గ్లాసుతో నీళ్లు తెచ్చి వేళ్లతో ఆ మొలకల మీద చిలకరించేది. ఎండ ముదిరాక తీగ మీద బావ పాత తువ్వాలు ఒకటి పందిరిలా కట్టింది, కింద చిన్న కుండ పెట్టింది, చల్లదనం ఉంటుందని. ఎదురింటావిడ ఏందమ్మా ఇది అనడిగితే, “దండేనికి పురుడు పోస్తున్న,” అంది నవ్వుతూ.

అవి బతకవని నాకు తెలుసు. బదనిక గింజ మొలవడానికి తనలో ఉన్న తేమ, పిండి చాలు. మొలిచాక మాత్రం దానికి బతికున్న కొమ్మ కావాలి. ఇనుములోకి వేరు దిగదు. కానీ ఆ నీళ్లు చిలకరించే చేతిని ఆపే మాట నాకు దొరకలేదు. కొన్ని వారాలు అవి పచ్చగానే ఉన్నాయి కూడా. నాకే ఒక్కోసారి అనుమానం వచ్చేది, ఏమో, బతుకుతాయేమోనని. పొద్దున లేవగానే నా కళ్లు ముందు అటే పోయేవి.

రోహిణి కార్తెలో ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. నీళ్లు ఎక్కువ పోసింది, ప్రయోజనం లేదు. నీళ్లు వాటి మీద పడి జారిపోతున్నాయి తప్ప లోపలికి పోయే దారి లేదు. చివరిది ఎండిపోయిన రోజు అక్క దాన్ని గోరుతో తీసి అరచేతిలో పెట్టుకుంది. అది ఇంత నూలుపోగులా ఉంది. పక్కనే చెట్టు మీద అలాంటి గింజల నుంచే వచ్చిన కుదుళ్లు అంత ఎండలోనూ నిగనిగలాడుతున్నాయి. ఆమె ఒకసారి అరచెయ్యి వైపు, ఒకసారి పైకి చూసింది. తర్వాత చెట్టు కింద, ఒకప్పుడు బావ మంచం ఉండే చోట కూర్చుంది. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను.

“ఇన్ని నీళ్లు పోసిన. నా నీళ్లు దానికి అక్కర్లేవు,” అంది. “తమ్ముడూ, మీ బావను బతికిచ్చింది ఇది కాదేమోరా. ఆయన పండుకున్నది ఈ నీడల. తిన్నది ఈ చెట్టు కాయ. ఇగో దీన్ని గూడ చెట్టే బతికిచ్చింది. అందర్ని మోసింది, అది సప్పుడు జేయలే.”

నేను అవునన్నాను.

ఆ సాయంత్రమే కొమ్మలు కొట్టడానికి మనిషికి కబురు పంపమంది. తొలకరి పడి, మిగిలిన కాయలు కోసిన తర్వాత ఆ కోయ మనిషే వచ్చాడు, నడుముకు కత్తి, భుజాన రంపం. బదనికను ఊరికే తుంచితే మళ్లీ వస్తుంది, పట్టిన చోటికి మూరెడు ఇవతల, బోదె వైపు, కొమ్మ కొయ్యాలి. అంటే పెరటి వైపు చెట్టులో చాలా భాగం పోతుంది. ఆయన పైకి ఎక్కి కూర్చుని, “ఎంత కొట్టమంటవమ్మా?” అని అడిగాడు.

అక్క కింద నుంచి ఒక్కొక్క కొమ్మా చూపించింది. ప్రతి కొమ్మా పడ్డప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మైలుతుత్తం, సున్నం కలిపి పలచటి ముద్ద చేసి ఉంచాను, కోసిన చోట్ల పుండు పట్టకుండా పూయడానికి. ఆయన కోయడం, నేను డబ్బా తాడుతో పైకి పంపడం, ఆయన పూయడం. మధ్యాహ్నానికి చెట్టు ఒకవైపు నీలం మచ్చలతో బోడిగా నిలబడింది.

అన్నీ అయ్యాక అక్క ఒకటి ఆపించింది. గోడ వైపు వంగిన కింది కొమ్మ, చేతికి అందేది. ఆ కొమ్మకు ఉన్న మామిడాకు ఎప్పుడో పోయింది, చివర అంతా బదనికే. “అది ఉండనీ,” అంది. ఒకటి ఉంచితే మళ్లీ చెట్టంతా అంటిస్తుందని నేను భయం చెప్పాను.

“అందుకే చేతికందేది ఉంచిన. నేను చూసుకుంట.”

ఎలా చూసుకుంటుందో తర్వాత తెలిసింది. పండ్ల కాలంలో రోజూ పొద్దున పొడుగు వెదురు కర్రకు గుడ్డ చుట్టి, తడిపి, కొమ్మల మీద పిట్ట అంటించిన గింజల్ని వేరు దిగకముందే తుడిచేస్తుంది. కర్రకు అందనివి ఉంటే ఏడాదికోసారి కోయ మనిషి ఎక్కి తీస్తాడు. ఆ కర్రకు చుట్టింది బావ తువ్వాలు, దండెం మీద పందిరి కట్టిందే. పిట్ట పైన కూర్చుని చిక్ చిక్ అంటుంటే, “ఆగవే, నీ ఎనకనే తిరుగుతున్న గద,” అని దానితో మాట్లాడుతుంది. అడవి చేసే పంపకాన్ని మా పెరట్లో ఆమె కర్రతో చేస్తోంది. అప్పుడు చూస్తే నాకు ఆమె వయసు గుర్తుకు రాదు.

ఇల్లు చుట్టూ కంచె వెంబడి కానుగ మొక్కలు, ఇప్ప మొక్కలు నాటాము. అవి పెద్దవై పిట్ట వాలే నాటికి మేము ఉంటామో లేదో. అయినా నీళ్లు పోస్తున్నాం. వీటికి మన నీళ్లు పనికొస్తాయని అక్క అంటుంది.

మొదటి ఏడు కోసిన వైపు ఆకు మాత్రమే వచ్చింది, రాగి రంగు లేత ఆకు. భద్రాచలం నుంచి బదనిక కోసం వచ్చిన దుకాణదారుకు అక్క గోడ పక్క కుదురు నుంచి రెబ్బ తుంచి ఇచ్చింది. అలవాటు ప్రకారం బొట్టు పెట్టింది. పోయేటప్పుడు ఆయనతో, ఇంట్లో చెట్టుంటే దానికి కూడా ఒక బొట్టు పెట్టుకోమని చెప్పింది.

మొన్న మాఘంలో పెరటి వైపు పూత వచ్చింది. ఎక్కువ కాదు. వచ్చింది. అక్క నన్ను పిలిచి చూపించలేదు, నేనే చూస్తానని వదిలేసింది. చైత్రంలో సాయిబు వచ్చి చెట్టు చుట్టూ తిరిగి, పెరటి వైపు ఆగి, తల పైకెత్తి అలాగే నిలబడ్డాడు. అక్క మజ్జిగ గ్లాసు చేతికిస్తూ, “ఇటు కాయలు నీకు లేవు సాయిబూ. ఈ ఏడు అన్నీ పచ్చడికే,” అంది. ఆయన సరే ఆపా అని నవ్వి, రోడ్డు వైపు కొమ్మల కిందికి నడిచాడు.

మా బట్టలు ఇప్పుడు ఇంటి ముందు ఆరుతున్నాయి. పెరట్లో పాత దండెం విప్పేద్దామా అని అడిగితే అక్క వద్దంది. పిట్ట పండు తిన్నాక కొమ్మ మీదికి పోకుండా ఎక్కువసార్లు ఆ తీగ మీదే దిగుతోంది. అక్కడ అంటిన గింజ ఎవరినీ ఏమీ చెయ్యదు. నేను రాస్తున్న ఈ పొద్దున కూడా తీగ మీద మూడు నాలుగు మొలకలు పచ్చగా ఉన్నాయి. అక్క వాటి పక్క నుంచే చెంబుతో నీళ్లు పట్టుకుని కంచె వైపు పోయింది. పోతూ పోతూ వేళ్లు తడిపి వాటి మీద కూడా నాలుగు చుక్కలు చిలకరించింది.